అదింకా నిద్రలోనే ఉంది

జనవరి 9

వదినకు,

ఉత్తరం చూసి హడలిపోకు. నేను క్షేమమే, నా కుప్పలూ క్షేమమే. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. చేస్తే నువ్వు కుట్టుమిషన్ ఆపకుండా మాట్లాడతావు, నాకు సగం టకటకలే వినబడతాయి. అన్నయ్యకు ఇమ్మంటే, ముప్ఫయ్యేళ్ళు మురుగునీటి కేంద్రంలో, గాలి కొట్టే బ్లోయర్ల హోరులో పనిచేసిన చెవులాయె, రెండుసార్లు "ఏంటీ?" అని పెట్టేస్తాడు. పెట్టేసేది చెవుల వల్లా, నా వల్లా అని ఇక్కడ కూర్చుని బుర్ర బద్దలు కొట్టుకోవడం కన్నా రాయడమే నయమనిపించింది.

ఉద్యోగం మానేసి వ్యాపారం పెట్టానని విన్నావు కానీ ఏం వ్యాపారమో ఎవరూ నీకు సరిగ్గా చెప్పి ఉండరు. నోటితో చెప్పడానికి మొహమాటపడతారు. మురుగునీటిని శుద్ధి చేశాక తొట్ల అడుగున మడ్డి మిగులుతుంది కదా, అన్నయ్య జీవితమంతా ఏ మడ్డితో గడిపాడో అదే. దాన్ని ఇన్నాళ్ళూ లారీలకెత్తి ఊరిబయట గుంతల్లో పోస్తున్నారు. దాన్ని నేను తెచ్చుకుంటున్నాను. నీళ్ళు పిండేసి, రంపపు పొట్టు కలిపి, షెడ్డు కింద నడుమెత్తు కుప్పలు పోసి, గాలి ఆడేలా తిప్పుతూ ఎనిమిది వారాలు ఉంచితే ఎరువవుతుంది. ఫ్యాక్టరీల మురుగు కలవని కేంద్రం నుంచే తెస్తున్నాను, అందుకని లోహాల బెడద లేదు. తీసుకెళ్ళినందుకు నగరం వాళ్ళు రుసుమిస్తారు, ఎరువు కొన్నందుకు తోటలవాళ్ళిస్తారు. "ఏం చేస్తుంటారు?" అని ఎవరైనా అడిగితే, "మీరు రోజూ పొద్దున్నే మొదలుపెట్టే పనే, నేను పూర్తి చేస్తాను" అంటున్నాను. ఒకాయన కాఫీ కప్పు కింద పెట్టేశాడు.

నగర ఉద్యానవనాల శాఖవాళ్ళు మొదట మూడువందల బస్తాలు తీసుకుని చూస్తామన్నారు. బాగుంటే మూడేళ్ళ ఒప్పందం. బాగాలేకపోతే షెడ్డు అద్దె గడువుతోపాటు నా సంబరమూ ముగుస్తుంది.

ఇక అసలు సంగతి. ఇది నా ఆలోచన కాదు. కేంద్రంలో మడ్డి ఆరబోసే మళ్ళ వెనక చిన్న కుప్ప వేసి, పొట్టు కలిపి, గులాబీలు పెంచింది అన్నయ్య. రెండేళ్ళ క్రితం నేను మా ఆఫీసువాళ్ళతో అన్నయ్య కేంద్రానికి వచ్చినప్పుడు, ఆ మీటింగులో లేచి నిలబడి "దీన్ని గుంతలో పోయకండి సార్, మట్టవుతుంది" అన్నదీ అన్నయ్యే. మా పై అధికారి నా వైపు తిరిగి "ఎవరీయన?" అంటే, నేను "ఇక్కడ పనిచేసే ఆపరేటర్" అన్నాను. అంతే అన్నాను. అబద్ధం కాదు. అబద్ధమైనా బాగుండేది, భయపడి అన్నాననుకునేవాడు. నన్ను ఇంజనీరును చేసింది ఆ ఆపరేటర్ జీతమే అన్న మాట నోటిదాకా కూడా రాలేదు. వదినా, ఈ పేరా అన్నయ్యకు గట్టిగా చదివి వినిపించు. తప్పు నాదే. క్షమించమను.

ఇంకొకటి కూడా అడుగు. కుప్ప వేసి వారమైంది. లోపల అరవై అయిదు డిగ్రీలుంది, బాగానే ఉంది. కానీ ముక్కు మండిపోయేంత ఘాటు. ఏం తక్కువైంది?

మీ పిచ్చుక

జనవరి 20

పిచ్చుకకు,

నీ ఉత్తరం దుకాణానికొచ్చింది. ఆసుపత్రి సిబ్బంది ఏప్రన్లు నూటనలభై నెత్తిన ఉన్నాయి, అయినా కత్తెర కింద పెట్టి చదివాను. నీళ్ళ డబ్బా అబ్బాయి ఎదురుగా ఉండగానే ఏడ్చాను. జలుబన్నాను.

సాయంత్రం మీ అన్నయ్యకు చదివాను. చదవడమంటే నీకు తెలుసుగా, అరవడం. కుప్ప, ఘాటు, అరవై అయిదు డిగ్రీలు అని నేనరుస్తుంటే పైవాటా ఆవిడ కిటికీలోంచి తొంగి చూసి "ఏమైనా అంటుకుందా?" అంది. మీ అన్నయ్య పాత ఫ్యాను మోటారు విప్పుకుంటూ విన్నారు. చెప్పిందేమిటంటే, ఘాటు వస్తోందంటే పొట్టు చాలలేదు. తట్ట మడ్డికి రెండు తట్టల పొట్టు ఉండాలట. సన్నపొట్టు కాదు, చెక్క పేళ్ళు కలిసిన ముతకది. తిప్పేటప్పుడు అడుగుది పైకి, పైది అడుక్కి రావాలట.

ఆ మీటింగు పేరా కూడా చదివాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కాసేపయ్యాక "పిచ్చుక ఒంట్లో ఎలా ఉందిట?" అని అడిగారు. బాగుందన్నాను. నిజం చెప్పు, బాగున్నావా? ఆ షెడ్డులో ముక్కుకు గుడ్డ కట్టుకుంటున్నావా? నేను నాలుగు పొరల గుడ్డలు కుట్టి పంపుతున్నాను. చెవి దగ్గర బిగుతుగా ఉంటే చెప్పు, వదులు చేస్తాను. నేను పాతికేళ్ళుగా చేసేదదే కదా, ఎక్కడ పట్టేస్తోందో చూసి అక్కడో కుట్టు విప్పడం.

మీ వదిన

ఫిబ్రవరి 8

వదినా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో చెబితే నవ్వుతావు. పొట్టు సంగతి ఒకసారే చదివాను. కళ్ళజోడు సంగతే మళ్ళీ మళ్ళీ చదివాను. రెండేళ్ళ తర్వాత నన్ను పిచ్చుక అన్నాడా! ఆ రోజంతా లోడరు నడిపే ఆయన్ని ఊరికే మెచ్చుకుంటూ తిరిగాను. జీతం పెంచుతానేమోనని ఆశపడ్డాడు పాపం.

ముతక పొట్టు కలిపాం. నాలుగు రోజుల్లో ఘాటు పోయింది. జల్లెడ దగ్గర ఇద్దరమ్మలు పనిచేస్తారు, ముక్కుకున్న గుడ్డ తీసేసి అన్నం తిన్నారు. మీ అన్నయ్యగారెవరో గానీ బతికించారమ్మా అన్నారు. నీ నాలుగు పొరల గుడ్డలు ఇప్పుడు ఎవరికీ అవసరం లేకపోయినా అందరూ పంచుకున్నారు.

ఇప్పుడొక చిక్కొచ్చింది. కుప్పకిది ఆరో వారం. అరవైలో ఉండే వేడి వారం రోజుల్లో ముప్ఫై ఎనిమిదికి పడిపోయింది. పూర్తయి చల్లబడిందా, మధ్యలో ఆగిపోయిందా తెలియడం లేదు. నెల రోజులుగా ఎండగాలి కొడుతోంది, చేతిలోకి తీసుకుంటే పొడిపొడిగా రాలుతోంది. చూడ్డానికి మాత్రం ముచ్చటగా ఉంది. క్రిములు లేవని ల్యాబు కాగితమిచ్చింది. పూర్తిగా మాగిందో లేదో చెప్పే పరీక్షకు మాత్రం ల్యాబులో వరస ఉందట, ఇంకో రెండు నెలలు పడుతుందట. శాఖవాళ్ళేమో మొక్కలు నాటే పని ముందుకు జరిపారు, నెలాఖరుకల్లా బస్తాలు కావాలంటున్నారు. ఇవ్వకపోతే మామూలు ఎరువుతో కానిచ్చేస్తారు, నేను మళ్ళీ ఏడాది ఆగాలి.

అన్నయ్యైతే గుప్పెడు తీసుకుని, పిసికి, వాసన చూసి చెప్పేసేవాడు. అన్నయ్యను అడుగు వదినా, వేడి తగ్గింది, ఇవ్వొచ్చా అని. ఆయన సరే అంటే పంపేస్తాను. కాదంటే ఏడాది ఆగుతాను, ప్రాణమేం పోదు. ఈ ఒక్క మాటా ఆయన నోటి నుంచే కావాలి.

మీ పిచ్చుక

ఫిబ్రవరి 17

పిచ్చుకకు,

పొట్టి ఉత్తరమని అలగకు. ఆసుపత్రివాళ్ళు ఏప్రన్లకు జేబులు కుడివైపున్నాయి, ఎడమవైపు కావాలని నూటనలభయ్యీ వెనక్కి పంపారు. విప్పి కుడుతున్నాను.

మీ అన్నయ్యను అడిగాను. కుప్ప గురించి బెంగ పెట్టుకోవద్దన్నారు. "పిచ్చుక చేతి పని, పాడవదు" అన్నారు. అంతకన్నా ఏం కావాలి నీకు? హాయిగా పంపించు. వేళకు తిను.

మీ వదిన

మార్చి 3

వదినా,

మూడువందల బస్తాలు వెళ్ళిపోయాయి. లారీ మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను. నా చదువూ ఉద్యోగమూ అన్నీ కలిపినా ఇంత గర్వం ఎప్పుడూ కలగలేదు. పిల్లల పార్కులో పాదులకీ, దాని పక్క వీధిలో కొత్తగా నాటే ఎనిమిది వందల మొక్కలకీ వేస్తారట.

అన్నయ్యకొక బస్తా పార్సిల్లో పంపాను, నీ దుకాణం చిరునామాకు. మీ పెరట్లో గులాబీలకు వేసుకోమను. చెయ్యి పెట్టి చూసి ఎలా ఉందో చెప్పమను. బాగాలేదన్నా ఫరవాలేదు, తిట్టినా ఫరవాలేదు. తిట్టాడంటే ఇంక కోపం పోయినట్టే కదా.

ఒప్పందం మీద సంతకం అయ్యాక నేనే వస్తాను. రావచ్చా అని అడుగు.

మీ పిచ్చుక

మార్చి 12

పిచ్చుకకు,

బస్తా అందింది. అబ్బ, ఏం బరువు! ఇంకా దుకాణంలోనే బల్ల కింద ఉంది. ఈ వారం మీ అన్నయ్యకు నడుం పట్టేసి చిరాగ్గా ఉన్నారు. చిరాకులో చూపిస్తే వంకలు పెడతారు. మంచి సమయం చూసి ఇంటికి పట్టుకెళతాను.

వచ్చే సంగతంటావా, నిన్ను రావద్దని ఎవరంటారు? ఒప్పందం కానీ, ఆ శుభవార్తతోనే వద్దువుగాని. తొందరేముంది.

ఏప్రన్ల గోల తీరింది. ఇప్పుడు జేబులు లోతుగా ఉన్నాయట. ఆ సూపరింటెండెంటు చేతులెంత పొట్టివో చూడాలని ఉంది.

మీ వదిన

ఏప్రిల్ 6

వదినా,

పోయింది.

పోయిన వారం ఇక్కడ రెండు రోజులు వాన. మూడో రోజు పొద్దున ఉద్యానవనాల శాఖ నుంచి ఫోన్. వెళ్ళేసరికి పార్కులో పాదుల్లోంచి ఆవిరి లేస్తోంది. చెయ్యి పెట్టాను, కాలింది. పొడిగా ఉన్నంతకాలం చల్లగా ఊరుకున్నది, తడి తగలగానే మళ్ళీ ఉడకడం మొదలుపెట్టింది. నాలుగు రోజుల్లో మొక్కల వేళ్ళు మాడిపోయాయి. ఎనిమిది వందల్లో ఆరువందల పైచిలుకు పోయాయి. వాసనకు వీధిలో కిటికీలన్నీ మూసేశారు. ఒక పెద్దాయన ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని నా దగ్గరకొచ్చి, కోపంగా కూడా కాదు, "ఇది మా ఇళ్ళలోంచి పోయిందే కదమ్మా, మళ్ళీ మాకే ఎందుకు తెచ్చిచ్చారు?" అన్నాడు.

నిన్న మీటింగు. ల్యాబు పరీక్ష పూర్తి కాకుండా ఎందుకు పంపారన్నారు. తప్పు నాదేనన్నాను. మాగిందని ఎవరు చెప్పారన్నారు. అప్పుడన్నాను వదినా. "మా అన్నయ్య. ముప్ఫయ్యేళ్ళు శుద్ధి కేంద్రంలో ఆపరేటర్. నాకీ పని నేర్పింది ఆయనే" అన్నాను. గదినిండా పెద్దవాళ్ళే, నోటినిండా అన్నాను. రెండేళ్ళుగా ఆ మాట అనే అవకాశం కోసం చూశాను. వచ్చింది చూడు, ఎలాంటి చోట వచ్చిందో. వాళ్ళు అన్నయ్య వివరాలూ కేంద్రం పేరూ రాసుకున్నారు. ఎందుకు రాసుకుంటున్నారో నాకు అప్పుడు తట్టలేదు.

అన్నయ్య మీద నాకు కోపం లేదని చెప్పు. కుప్పను చూడకుండా అంత దూరం నుంచి ఎవరు మాత్రం సరిగ్గా చెప్పగలరు? అడగడమే నా తప్పు. ఆ బస్తా ఇంకా వాడకపోతే తెరవొద్దు. గులాబీలు చస్తాయి.

పిచ్చుక

ఏప్రిల్ 15

పిచ్చుకా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇప్పుడు ఏదీ సర్దకుండా, జరిగింది జరిగినట్టు రాస్తాను. పూర్తిగా చదువు.

సోమవారం శుద్ధి కేంద్రం నుంచి ఒకాయన ఇంటికొచ్చాడు, మీ అన్నయ్య దగ్గర పని నేర్చుకున్నవాడే. చేతిలో కాగితం. మాజీ ఆపరేటర్ తప్పుడు హామీ ఇవ్వడం వల్ల నష్టం జరిగిందని మీ ఊరి శాఖవాళ్ళు రాశారట, వివరణ కావాలట. మీ అన్నయ్య ఆ కాగితం రెండుసార్లు చదివారు. "నేనలా అనలేదే" అన్నారు. తర్వాత నా వైపు చూశారు.

ఆయన అనలేదు. నేనే రాశాను.

ఫిబ్రవరిలో నీ ప్రశ్న చదివినప్పుడు ఆయన అన్నది అక్షరం పొల్లుపోకుండా ఇది. "అదింకా నిద్రలోనే ఉంది. మొహాన నాలుగు బకెట్ల నీళ్ళు కొడితేగానీ లేవదు. అప్పుడు తెలుస్తుంది దాని సంగతి." అని మోటారు వైపు తిరిగిపోయారు.

నేను నిన్నే అన్నారనుకున్నాను. రెండేళ్ళుగా ఆయన నిన్ను పేరుపెట్టి అనలేదు, పిచ్చుక అనీ అనలేదు. అది వచ్చిందా, అది రాసిందా, దానికేం తక్కువ, ఇదే వరస. మడ్డినీ ఆయన అది అనే అంటారు. నా చెవికి మీ ఇద్దరికీ తేడా తెలియలేదు. చెల్లెలి మొహాన నీళ్ళు కొట్టమంటున్నారే అని నీ ఉత్తరం మడిచి లోపల పెట్టేశాను. ఇది ఎలా రాయను, ఇప్పుడిప్పుడే దగ్గరవుతున్నారు కదా అని, ఆయన అనవలసింది నేనే రాసేశాను. తిరిగి అడగలేదు. "అది అంటే ఎవరు?" అని ఒక్కమాట అడిగితే సరిపోయేది. సోమవారం అదే ఆయన నన్ను అడిగారు. "అది అంటే ఎవరనుకున్నావే? కుప్ప! కుప్ప ఎండి నిద్రపోయింది. నీళ్ళు కొట్టి చూస్తే వేడి లేస్తుందో లేదో తెలుస్తుంది, లేస్తే ఇంకా మాగలేదని. పసిపిల్లకు కూడా తెలుస్తుందది!" అని అరిచారు. పైవాటా ఆవిడ ఈసారి తొంగి చూడలేదు, కిటికీ మూసేసింది.

ఇంకా ఉంది. మీటింగు గురించి నువ్వు రాసిన పేరా ఆయనకు చదవనే లేదు. మంచి సమయం చూసి చదువుదామనుకున్నాను. కళ్ళజోడు తుడుచుకోవడం నేను కల్పించాను. పిచ్చుక ఎలా ఉందని అడగడమూ కల్పించాను. పొట్టు సంగతొక్కటే ఆయనది. బస్తా కూడా చూపించలేదు. సోమవారం చూపించాను. గుప్పెడు తీసి, ఉమ్మి తడిచేసి, పిసికి, వాసన చూశారు. చూసిన మరుక్షణం కింద పారేశారు. మార్చిలోనే చూపించి ఉంటే, నీకు ఆ రోజే తెలిసేది. అప్పటికి వాన పడలేదు.

ముప్ఫయ్యేళ్ళలో తన రిజిస్టరులో ఒక్క కొట్టివేత లేదని గొప్పగా చెప్పుకునే మనిషి. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు.

మీరిద్దరూ కలవాలనే చేశాను. ఇంతకన్నా చెప్పుకోవడానికి నా దగ్గరేమీ లేదు.

నీ వదిన

ఏప్రిల్ 27

వదిన గారికి,

మీ ఉత్తరం అందింది.

పంపకుండా మిగిలిన కుప్ప ఒకటుంది. దాని మీద నీళ్ళు కొట్టించాను. ముప్ఫై ఎనిమిదిలో ఉన్నది రెండు రోజుల్లో అరవై ఒకటికి లేచింది. అన్నయ్య చెప్పినట్టే. ఒక్క వాక్యంలో చెప్పాడు, అందులో అంతా ఉంది.

శాఖవాళ్ళకు నిన్న రాసిచ్చాను. మా అన్నయ్య నాకు ఏ హామీ ఇవ్వలేదు, నేనే అబద్ధమాడాను, ఆయనకు దీనితో ఏ సంబంధమూ లేదని. అది చదివిన అధికారి "మరి ఆ రోజు అన్నయ్య అన్నారు?" అని నవ్వాడు. నవ్వనివ్వండి. ఆయనకు సంబంధం లేదన్న మాట నా నోటి నుంచే రెండోసారి వచ్చింది. మొదటిసారి ఆ మీటింగులో నా పరువు కోసం అన్నాను, ఈసారి ఆయన పరువు కోసం. వినడానికి రెండూ ఒకలాగే ఉన్నాయి. మీ పేరెక్కడా రాయలేదు. అన్నయ్యకు వచ్చిన కాగితం వెనక్కి తీసుకుంటామన్నారు.

ఒప్పందం లేదు. షెడ్డులో సగం వదిలేశాను. ఊరిబయట నర్సరీ నడిపే ఒకాయన, పది వారాలు మాగిన తర్వాతే, ల్యాబు కాగితం చేతికొచ్చిన తర్వాతే తీసుకుంటానన్నాడు. నగరం నుంచి మడ్డి మాత్రం వస్తూనే ఉంది, అది ఆగదు కదా. జల్లెడ దగ్గర ఇద్దరిలో ఒకరిని మానిపించాల్సి వచ్చింది. వెళుతూ మీరు కుట్టిన గుడ్డ తిరిగిచ్చి వెళ్ళింది.

మీరు మా మంచి కోరారని నాకు తెలుసు. తెలియడం వల్ల బాధ తగ్గడం లేదు. మూడు నెలలు నేను బతికింది కళ్ళజోడు తుడుచుకున్న అన్నయ్యతో. ఆ మనిషి లేడని ఇప్పుడు చెబుతున్నారు. అసలు అన్నయ్య తిట్టినా, నీళ్ళు కొట్టమన్నా, ఉన్నదున్నట్టు రాసి ఉంటే నవ్వుకునేదాన్ని. ఆయన నోటి దురుసు నాకు కొత్తా? దాంతోనే పెరిగాను.

కొంతకాలం ఉత్తరాలు వద్దు.

మీ ఆడపడుచు

జూన్ 20

పిచ్చుకకు,

వద్దన్నావని రెండు నెలలు రాయలేదు. నన్ను మీరు అన్నావు, గారు అన్నావు. అది తిట్టుకన్నా ఎక్కువే, అయినా పడ్డాను. ఇప్పుడు రాయక తప్పక రాస్తున్నాను.

మీటింగు గురించి నువ్వు రాసిన ఆ పేరా మీ అన్నయ్యతో చదివించాను. అరిచి కాదు. ఉత్తరం చేతికిచ్చాను, ఆయనే చదువుకున్నారు. ఏం చేశారో రాయను. ఏం రాసినా నువ్వు నమ్మవు, నిన్ను తప్పుబట్టను. ఇంట్లో నాతో మాటలు తగ్గించారు. నేనేదైనా చెబితే "ఇది వాళ్ళన్నదా, నువ్వన్నదా?" అంటున్నారు. కూరగాయల ధర చెప్పినా అదే ప్రశ్న. మొన్న డాక్టరు దగ్గర కూడా, ఆయన చెప్పింది నేను చెవిలో చెబుతుంటే, నన్ను పక్కకు జరగమని డాక్టరునే కాగితం మీద రాసిమ్మన్నారు. ముప్ఫయ్యేళ్ళు ఈ ఇంట్లో అందరి మాటా నా నోటిగుండానే వెళ్ళింది. ఎన్నింటిని తిప్పి చెప్పానో, ఎవరి పెళ్ళి నిలబెట్టానో, ఎవరికి దక్కాల్సిన తిట్టు దక్కకుండా చేశానో ఇప్పుడు కూర్చుని లెక్కపెట్టుకుంటున్నాను. మంచి చేశాననే అనుకున్నాను పిచ్చుకా.

నీ బస్తాను ఆయన పెరట్లో కుమ్మరించి, నీళ్ళు కొట్టి, పాత గోనె కప్పి, రోజూ పొద్దున తిప్పుతూ వచ్చారు. తొమ్మిది వారాలైంది. నిన్న గుప్పెడు తీసి నా ముక్కు దగ్గర పెట్టారు. వాన పడ్డ నేల వాసన. ఇంకేం లేదు. అప్పుడన్నారు, "పిచ్చుకను రమ్మను. చెయ్యి పెట్టి చూసుకోమను."

పిచ్చుక అన్నారు. నేను మళ్ళీ అడిగాను, ఎవరిని అని. "నాకెంతమంది చెల్లెళ్ళే?" అన్నారు.

మీరే ఒక ముక్క రాయండి, నేను రాస్తే నమ్మదు అన్నాను. పెన్ను ఇచ్చాను. కాసేపు పట్టుకుని కూర్చుని, తిరిగిచ్చేశారు. "రమ్మన్నానని రాయి. నమ్మితే వస్తుంది, లేకపోతే మానేస్తుంది. కాళ్ళు పట్టుకుని బతిమాలను" అన్నారు. ఇదివరకైతే ఈ చివరి ముక్క కత్తిరించేసేదాన్ని. ఉంచాను.

ఇందులో నాది ఒక్క మాట కూడా లేదని ఒట్టేయాలనుంది. కానీ ఒట్టేసినా అదీ నా నోటి మాటే అవుతుంది. వచ్చి చూడు.

నీ వదిన

జూలై 2

వదినా,

నీ ఉత్తరం చదివాను. "పిచ్చుకను రమ్మను" అనే మాట దగ్గర ఆగి, దాన్నే మళ్ళీ మళ్ళీ చదివాను. బతిమాలను అన్న మాట అచ్చం అన్నయ్య గొంతే. "నాకెంతమంది చెల్లెళ్ళే" కూడా అన్నయ్యే. కానీ ఆయన గొంతు నీకు ఎంత బాగా వచ్చో నాకిప్పుడు తెలుసు. నన్ను పిచ్చుక అన్నాడని నువ్వు రాస్తే ఒకసారి రోజంతా సంబరపడుతూ తిరిగినదాన్ని నేను. నిజంగా అనే ఉండొచ్చు. తొమ్మిది వారాలు తిప్పి ఉండొచ్చు. పెట్టె సర్దుకున్నాను కూడా.

బస్సు టికెట్టు కొనడానికి వెళ్ళి వరసలో నిలబడి ఒకటే ఊహించుకున్నాను. నేను గుమ్మంలో నిలబడి ఉంటాను, అన్నయ్య తలెత్తి చూసి "ఎందుకొచ్చావ్?" అంటాడు. అంటే చాలు, ఇంక ఈ జన్మకు ఆ గుమ్మం ఎక్కలేను. అనడని ఎవరు చెబుతారు? చెప్పగలిగింది నువ్వొక్కదానివే. నా వంతు వచ్చేసరికి వరసలోంచి బయటకొచ్చేశాను.

ఇక్కడ పని బాగానే ఉంది. నర్సరీ ఆయన రెండో లోడు కూడా తీసుకున్నాడు, ఈసారి తడిపి చూసి, మూడు రోజులాగి, అప్పుడు. మానిపించిన ఆవిడను మళ్ళీ పిలిచాను, నవ్వుతూ వచ్చింది. కుప్పలు ఇప్పుడు నేనే చేత్తో చూస్తున్నాను, ఎవరినీ అడగడం లేదు. చేతికి తెలుస్తోంది. ఈ సంగతులన్నీ అన్నయ్యకు చదివి వినిపించు, అరిచి అయినా సరే.

నేను రావడం లేదు. ఎందుకు రాలేదని అన్నయ్య అడిగితే, ఏదో ఒకటి నువ్వే సర్దిచెప్పు.

పిచ్చుక